క్యాష్ పుట్టిల్లు కాసు కాదు, పెట్టె

ఇంగ్లీషు ‘క్యాష్’ మన ‘కాసు’ నుంచే వచ్చిందా అని అడిగారు. రాలేదు. ఈ మాట అన్నందుకు మా నాన్నగారు నాతో రెండు రోజులు ముభావంగా ఉన్నారు, కాబట్టి ఊరికే అనడం లేదు.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మాది ఇత్తడి సామాన్ల కొట్టు. కాట్పాడి నుంచి వచ్చిన ఒకావిడ పాత రాగి బిందె మార్చుకుంటే, దాని అడుగున మసిబారిన నాణెం దొరికింది. ‘మీరే ఉంచుకోండి’ అంది. చింతపండు పెట్టి తోమాను. ఒకవైపు డాలు పట్టుకున్న సింహాలు, 1808. రెండోవైపు పారశీక లిపి, దాని కింద రోమన్ అంకెల్లో ఇరవై, పక్కనే ఇంగ్లీషులో ‘క్యాష్’. పక్క కొట్టు సాయిబుగారు కళ్లద్దాలు తుడుచుకుని చదివారు: ‘బీస్త్ కాస్ చహార్ ఫలూస్ అస్త్.’ ఇరవై కాసులంటే నాలుగు ఫలూసులని. ఫలూసంటే చిన్న రాగి నాణెం.

‘చూశావా! మన కాసునే తెల్లవాళ్లు క్యాష్ చేసుకున్నారు’ అన్నారు నాన్నగారు.

ఆ నాణెం వరకు నిజమే. తమిళుల కాసు పోర్చుగీసు వాళ్ల నోట పడి, అక్కడి నుంచి ఇంగ్లీషుకు చేరింది. రూపాయి లెక్క రాకముందు మద్రాసులో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. కానీ మీరు బ్యాంకులో కట్టే క్యాష్ వేరు. లాటిన్‌లో కాప్సా అంటే పెట్టె. అది ఇటలీలో కాస్సా, ఫ్రాన్సులో కెస్ అయి, ఇంగ్లీషుకు వచ్చేసరికి పెట్టె పోయి లోపలి డబ్బు మిగిలింది.

‘పెట్టె పేరు డబ్బుకు ఎలా వస్తుంది?’ అని ఆయన వాదన. రోజూ రాత్రి షట్టర్ దించుతూ ‘గల్లా ఎంత?’ అని అడిగేది ఆయనే. గల్లాపెట్టె ఖరీదు చెప్పమనా?

ప్రపంచంలోని మాటలన్నీ మన దగ్గర పుట్టినవే అని తెల్లవారకముందే ఫోనుకు సందేశాలు పంపేవాళ్లు కొందరున్నారు. అదే పెద్దమనుషులు కొట్టుకు వచ్చి, చిల్లరగా పది రూపాయల నాణెం ఇస్తే చెల్లదని వెనక్కి తోస్తారు. చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా అంతే. మిగిలినవాళ్లు ఫోను చూపించి వెళ్లిపోతారు. ఇప్పుడు మా గల్లాలో కదలకుండా పడి ఉన్నవి ఆ పది రూపాయల నాణేలు, వాటి మధ్య ఈ ఇరవై కాసులు.