చెత్త తీసే డైవర్లు డబ్బు కట్టాలా?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాను. నాకు స్కూబా డైవింగ్‌లో ఓపెన్ వాటర్ అనే తొలి స్థాయి సర్టిఫికెట్ ఉంది. రుషికొండ దగ్గర సముద్రం అడుగున పేరుకుపోయిన వలలు, ప్లాస్టిక్ తొలగించడానికి స్వచ్ఛంద డైవర్లు కావాలని ఒక డైవింగ్ సంస్థ ప్రకటిస్తే పేరు ఇచ్చాను. తీరా చూస్తే పర్యాటకుల దగ్గర తీసుకునే రుసుమే మమ్మల్నీ కట్టమన్నారు. 2022 ఆగస్టులో ఇదే తీరంలో వేలాది మందితో కలిసి ప్లాస్టిక్ ఏరినప్పుడు మమ్మల్ని ఎవరూ రూపాయి అడగలేదు. సేవ చేయడానికి వచ్చినవారి దగ్గరే డబ్బు వసూలు చేయడం న్యాయమేనా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సిలిండర్ నుంచి మీరు పీల్చే గాలికి, మీరు ఎక్కే పడవకు నిజంగా అయ్యే ఖర్చులో మీ వాటా అడిగితే కట్టవచ్చు. పర్యాటకుల రుసుమే మీ దగ్గరా తీసుకోవడం మాత్రం న్యాయం కాదని మా అభిప్రాయం. ఆ రుసుములో నిర్వాహకుల లాభం కూడా కలిసి ఉంటుంది. మీ శ్రమ మీద మరొకరు లాభం తీసుకుంటే దాన్ని సేవ అనడం కష్టం.

అయితే మీరు చెప్పిన 2022 నాటి కార్యక్రమంతో దీన్ని పోల్చలేము. ఆనాడు ఇరవై వేల మందికి పైగా పాల్గొని 76 టన్నుల ప్లాస్టిక్ ఏరారని ప్రకటించారు. ఒడ్డున ఏరేవారికి ఒక జత చేతి తొడుగులు, ఒక సంచి ఉంటే పని మొదలవుతుంది. నీటి అడుగున అలా కుదరదు. సాధారణంగా వాడే 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లతో, సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు కనుక, అక్కడ తీసే ప్రతి శ్వాసకూ రెట్టింపు గాలి ఖర్చవుతుంది. అత్యవసరానికి కొంత మిగుల్చుకుని లెక్క వేస్తే, నెమ్మదిగా ఈదుతూ చేపలను చూసే డైవర్‌కు దాదాపు నలభై నిమిషాలు వచ్చే సిలిండర్, బండల సందుల్లో ఇరుక్కున్న నైలాన్ వలను కత్తితో కోస్తూ రొప్పే డైవర్‌కు ఇరవై నిమిషాలకే ఖాళీ కావచ్చు. ఒక పెద్ద వలను ముక్కలుగా కోసి, గాలి నింపిన సంచులకు కట్టి పైకి తేలేలా చేయాలంటే మరో సిలిండర్, మరో విడత తప్పవు. కంప్రెసర్ కరెంటు, సిలిండర్ల పరీక్షలు, పడవ డీజిల్, పడవ మీద కాపలా ఉండే మనిషి కూలీ, ఇవన్నీ ఎవరో ఒకరు భరించవలసినవే. పడవ స్థానిక మత్స్యకారులదైతే దాని అద్దెలో బేరమాడకూడదని కూడా అంటాము. ఏ బండ దగ్గర వలలు చిక్కుకుంటాయో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

కనుక అసలు తేల్చుకోవలసింది ఈ ఖర్చు ముందుగా ఎవరి మీద పడాలన్న సంగతి. చెత్త పడేసింది మీరు కాదు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ కిందికి వచ్చే పెద్ద సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. పర్యావరణ పరిరక్షణ ఆ పద్దు కింద చెల్లుతుంది. విశాఖ వంటి పారిశ్రామిక నగరంలో అలాంటి సంస్థలకు కొదవ లేదు. అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల మధ్య ఉన్న తాహో సరస్సు చుట్టూ, 72 మైళ్ల తీరం పొడవునా, 2021 మే నుంచి ఏడాది పాటు డైవర్లు దిగి 25,000 పౌండ్లకు పైగా చెత్త తీశారు. విరాళాలు, గ్రాంట్లు లేకుండా అంత పని నడిచేది కాదు. మీ కార్యక్రమపు బ్యానర్ మీద ఏదైనా కంపెనీ పేరు ఉందేమో చూడండి. ఉండి కూడా మీ దగ్గర పూర్తి రుసుము అడుగుతున్నారంటే, కంపెనీ ఇచ్చిన సొమ్ము దేనికి వెళ్లిందో అడిగే హక్కు మీకుంది. జవాబు రాకపోతే పేరు వెనక్కి తీసుకోండి.

పూర్తిగా ఉచితం చేయడంలోనూ ఒక చిక్కు ఉంది. ఉచిత డైవ్ అనగానే చెత్త మీద ధ్యాస లేనివారూ వస్తారు, పడవలో చోటు వారితో నిండుతుంది. డబ్బు కట్టించుకుంటే ఇంకో చిక్కు: కట్టినవారిని వెనక్కి పంపడానికి నిర్వాహకులు మొహమాటపడతారు. ఓపెన్ వాటర్ డైవర్‌కు 18 మీటర్లే హద్దు; వల కోయడమైతే ఆ హద్దు లోపల కూడా కొత్తవారు చేయవలసిన పని కాదు, సిలిండర్ మూతికి ఒక్క పోగు చుట్టుకున్నా ప్రాణాల మీదికి వస్తుంది. అలలు బాగాలేవనో, మీకు అనుభవం చాలదనో ఆపేస్తే డబ్బు తిరిగి ఇస్తారా అని ముందే అడగండి. ఇస్తామన్నవారు మీ భద్రతకు విలువ ఇస్తున్నట్టే.

డబ్బు కడితే రశీదు తప్పక తీసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉచితంగా అందించేదాన్ని సేవగా గుర్తించదు. రుసుము తీసుకున్నాక మాత్రం, పాడైన రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) ఇచ్చారనో, తోడు డైవర్ లేకుండా దింపారనో మీరు ఫిర్యాదు చేయడానికి ఆధారం ఏర్పడుతుంది. సొంత పరికరాలు ఉంటే వాటి అద్దె తగ్గించమని అడగడానికి సంకోచించనక్కరలేదు.

ప్రశ్న: నాకు డైవింగ్ సర్టిఫికెట్ ఉంది. సముద్రంలో చెత్త తొలగించడానికి ప్రత్యేక కోర్సు కూడా చేసి ఉండాలని, దానికి వేరుగా ఫీజు కట్టాలని అంటున్నారు. అది తప్పనిసరా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తప్పనిసరి కాదు. డైవింగ్ శిక్షణ సంస్థ ‘పాడి’ (PADI)కి అనుబంధమైన అవేర్ ఫౌండేషన్ 2011 నుంచి ‘డైవ్ అగైన్‌స్ట్ డెబ్రీ’ పేరుతో నడుపుతున్న కార్యక్రమంలో సర్టిఫికెట్ ఉన్న డైవర్లు ఎవరైనా పాల్గొని, తీసిన చెత్తను రకాల వారీగా లెక్కపెట్టి వివరాలు పంపవచ్చు. అదే పేరుతో ఉన్న కోర్సు వేరు. అది నేర్పు పెంచుకోవడానికి. ఏది తీయాలి, పగడాలూ స్పంజికలూ అల్లుకుపోయిన దాన్ని ఎందుకు కదపకుండా వదిలేయాలి అన్నది అందులో చెబుతారు కనుక, తరచుగా వెళ్లే ఉద్దేశం ఉంటే ఆ ఫీజు దండగ కాదు. ఒక్కసారి పాల్గొనడానికి మాత్రం, డైవ్‌కు ముందు అరగంట సేపు అవే సంగతులు వివరించే నాయకుడు ఉంటే చాలు. ఈ మధ్యలో డబ్బు ఇబ్బంది అనిపిస్తే, పైకి వచ్చిన చెత్తను ఒడ్డున విడదీసి తూచి రాసే పనికి సర్టిఫికెట్టూ అక్కర్లేదు, ఎవరూ ఫీజూ అడగరు. డైవర్లు అలసిపోయి గట్టెక్కాక చాలా చోట్ల కుంటుపడేది ఆ పనే.