కలుపు మందులు కలిపే వరుస

ప్రశ్న: వెడల్పాకు కలుపును, గడ్డిజాతి కలుపును ఒకేసారి అదుపు చేయాలని రెండు మందులను ఒకే ట్యాంకులో కలిపాను. అడుగున తెల్లటి ముద్ద చేరి నాజిళ్లు మూసుకుపోయాయి. కలపడానికి వరుస ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. చిక్కటి మందులు రెండింటినీ నీరు లేకుండా నేరుగా కలిపినా, వరుస తప్పినా ఇలా ముద్దకట్టే ప్రమాదం ఉంటుంది. లేబుల్‌పై వేరే సూచన లేనప్పుడు, ముందుగా ట్యాంకును సగం వరకు నీటితో నింపి, కలియబెడుతూ పొడి మందులను, నీటిలో విడిపోయే గుళికలను వేయాలి. అవి పూర్తిగా విడిపోయాకే సన్నని రేణువులు తేలాడే చిక్కటి ద్రవాలను, తరువాత నీటిలో పోయగానే పాలలా తెల్లబడే నూనె మందులను, ఆపైన పూర్తిగా కరిగిపోయే ద్రవాలను, చివరగా మందు ఆకుపై పరచుకోవడానికి వాడే జిగురును కలపాలి. చాలామంది తొందరపడేది పొడి మందుల దగ్గరే.

నీటిని కూడా గమనించండి. గ్లైఫోసేట్ అనే కలుపు మందు బురదనీటిలోని బంకమట్టి రేణువులకు, ఉప్పునీటిలోని కాల్షియానికి అంటుకుని శక్తి కోల్పోతుంది.

ట్యాంకులో పోయడానికి ముందు లీటరు గాజు సీసాలో పరీక్షించుకోవడం మేలు. 200 లీటర్ల నీటికి లీటరు మందు వాడేటట్లయితే, సీసాలో లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు చాలు. చేతితొడుగులు వేసుకుని అదే వరుసలో కలిపి అరగంట ఉంచండి. గడ్డలు, జిగట, పొరలు కనిపిస్తే ఆ జోడీని విడివిడిగానే పిచికారీ చేయాలి.

అయితే, చక్కగా కలిసినంత మాత్రాన రెండూ బాగా పనిచేస్తాయని కాదు. గడ్డిజాతి కలుపుకు వాడే ఫెనాక్సాప్రాప్‌తో వెడల్పాకు కలుపుకు వాడే 2,4-డి కలిపితే గడ్డిజాతి కలుపుపై ఫెనాక్సాప్రాప్ ప్రభావం తగ్గుతుంది.