గ్రైండర్ కొన్నావట

పర్లాకిమిడి

అమ్మలూ,

తాత పెట్టెలోని పనిముట్లన్నీ బరంపురం పట్టుకుపోయావనీ, పిడులూ, పొడుగు కర్ర కామలూ వేసి ముందుగదిలో స్టాండ్ల మీద పెడతావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ పెట్టెను తూకానికి వేసేద్దామన్నవాళ్లే గాని మూత తీసి చూసినవాళ్లు మన ఇంట్లో లేరు. నువ్వు చూశావు. ఆ సంతోషం పూర్తిగా లోపలికి దిగకముందే "సానపట్టే గ్రైండర్ కూడా కొంది" అంది. నాకు గుండె జారింది.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ఏదీ ఊడదీయకముందే నాలుగు వైపులా ఫోటోలు తీసుకో. జిడ్డుకు కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్ చాలు. పాత రంగు ఉన్న పిడిని పొడిగా రుద్దకు. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండేది, తడి ఎమరీ కాగితంతోనే రుద్ది ఆ బురదను గుడ్డతో తీసెయ్. చెక్కను నునుపు చేసే చిత్రికలో బ్లేడు బిగుసుకుంటే లాగకు. చిత్రిక వెనక చివర చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేస్తే బ్లేడును పట్టి ఉంచే చీల దానంతటదే వదులవుతుంది.

తుప్పుకు నిమ్మ ఉప్పు. లీటరు నీళ్లకు 50 గ్రాములు, ప్లాస్టిక్ తొట్టెలో, ఇనుము ఒక్కటే మునగాలి. నాలుగైదు గంటలకోసారి తీసి బ్రష్‌తో రుద్ది చూడు. మర్చిపోయి రెండు రోజులు వదిలేస్తే తుప్పు అయిపోయాక ఇనుమునే తింటుంది, అక్షరాలు చెరిగిపోతాయి. తీశాక వంటసోడా నీళ్లలో ముంచి, గుడ్డతో తుడిచి, ఎండలో వేడెక్కనిచ్చి, వెంటనే నూనె రాయాలి. మన గాలికి తడి ఇనుము పది నిమిషాల్లో పసుపెక్కుతుంది. వీడియోల్లో కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతి చూసి ఉంటావు. అది చేస్తే ఆరుబయట చెయ్యి, అందులో వచ్చే గ్యాసు మండుతుంది. రెండో తీగ కొసకు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె కట్టావో, ఆ నీళ్లు విషం. మామూలు ఇనుప ముక్కే కట్టాలి.

అక్షరాలన్నాను కదా. రెండు ఉలుల మీద షెఫీల్డ్, కాస్ట్ స్టీల్ అని గుద్ది ఉంటుంది. పోత ఇనుమేమో అనుకుని పారేసేవాళ్లున్నారు. అది మూసలో కరిగించి తీసిన మంచి ఉక్కు, 1740ల్లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హంట్స్‌మన్ అనే ఆయన పట్టిన పద్ధతి. సమ్మెట మీద బి.ఎన్.ఆర్. ఉంది, బెంగాల్ నాగపూర్ రైల్వే. 1955 నాటికి ఆ పేరు పోయి సౌత్ ఈస్టర్న్ అయింది కాబట్టి సమ్మెట అంతకు ముందుదే. మెరుపు కోసం ఆ అక్షరాల మీద ఎమరీ పెట్టకు. నల్లగా, నున్నగా ఉన్న పాత పొర తుప్పు కాదు. గోటికి రాలని దాన్ని వదిలెయ్.

ఇక గ్రైండర్ సంగతి. చెక్కను చెక్కే తాత బాడిస ఒకటి పెట్టెలో నీలం మచ్చతో ఉంటుంది, చూశావా? అది నా పనే. విరిగిన కామ ముక్క బెజ్జంలో ఇరుక్కుంది. ఊళ్లో అందరూ చేసినట్టే నిప్పుల్లో పడేశాను. చెక్క కాలిపోయింది, తల శుభ్రంగా వచ్చింది. ఆ తరవాత ఎంత సానపట్టినా రెండు దెబ్బలకే అంచు మడతపడేది. నాన్న ఏమీ అనలేదు. బాడిసను పెట్టె అడుగుకు తోసి ఊరుకున్నాడు.

ఎందుకలా అయిందో వివరంగా తెలుసుకో. ఉక్కుకు పదును, అంటే గట్టిదనం, పెట్టేటప్పుడు ఎర్రగా కాల్చి ఒక్కసారి చల్లారుస్తారు. అప్పుడది గాజులా పెళుసు. మళ్లీ కొంచెం వేడి చేసి ఆ పెళుసు తగ్గిస్తారు. ఆ వేడికి మెరిసే ఉక్కు మీద రంగులు వస్తాయి. 220 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, 250 దాటితే గోధుమ రంగు, 280 దగ్గర ఊదా, 300కి నీలం. ఉలికి గడ్డి రంగు దగ్గర ఆపుతారు. ఆపినదాని కంటే ఎక్కువ వేడి ఎప్పుడు తగిలినా, వందేళ్ల తరవాత తగిలినా, అంచు అంతమేరా మెత్తబడుతుంది. కట్టెల మంటకు 600 డిగ్రీలు లెక్కలోది కాదు.

గ్రైండర్ చేసేదీ అదే, కాకపోతే చిన్న చోట. నిమిషానికి 2800 చుట్లు తిరిగే రాయికి ఉలి అంచు ఆనిస్తే, పలుచటి మొన కాబట్టి వేడి పోయే దారి లేక రెండు సెకన్లలో నీలమవుతుంది. వెంటనే నీళ్లలో ముంచితే రంగు అక్కడ ఆగుతుందే గాని పోయిన పదును రాదు. ఆ నీలం దాటేదాకా అరగదీయాలి, అంటే రెండు మూడు మిల్లీమీటర్ల ఉక్కు పోయినట్టే. పాతవాటిలో చాలావాటికి ఉక్కు మొత్తం ఉండదు తల్లీ. ఒళ్లంతా మెత్తటి ఇనుము, కొసన మాత్రం ఉక్కు పలక అతికి ఉంటుంది. సానపట్టిన ముఖాన్ని వెలుతురుకు వాలుగా పట్టి చూడు, మబ్బు నీడలాంటి గీత కనబడుతుంది. గీతకు ఇటు బూడిద రంగు ఇనుము, అటు తళుకు ఉక్కు. ఆ తళుకు ఎంత మిగిలితే పనిముట్టు ఆయుష్షు అంతే.

కాబట్టి ఇరుక్కున్న కామను నిప్పులో వెయ్యకు. తలకు ఆనించి కోసేసి, మిగిలిన ముక్కలో 6 మిల్లీమీటర్ల బిట్టుతో ఐదారు రంధ్రాలు వెయ్యి. బెజ్జం ఏ వైపు వెడల్పో చూసి, ఇరుకు వైపు నుంచి ఇనుప కడ్డీతో కొడితే ఊడుతుంది. ఉలి తోకను ఎర్రగా కాల్చి పిడిలోకి దింపడం కూడా వద్దు, వేడి తోక నుంచి అంచుకు నడుస్తుంది. సన్నబిట్టు, లావుబిట్టు మార్చి మెట్లుగా రంధ్రం చేసి, చివరి అయిదారు మిల్లీమీటర్లు మాత్రం కొట్టి దించు. పిడి పగలకుండా ముందే దాని కొసకు ఇత్తడి పొన్ను, అంటే కట్టు, ఎక్కించాలి. పాత ట్యాపు గొట్టం ముక్క చాలు.

పదును చచ్చిందో లేదో ఆకురాయి చెబుతుంది. మంచి ఉలి అంచున జారుతుంది, చచ్చినదాన్ని కరుస్తుంది. సాన చేత్తోనే పట్టు. గాజు పలక మీద 220 నంబరు తడి ఎమరీతో మొదలుపెట్టు.

కామకు నల్లతుమ్మ కర్ర గాని చిరుమాను కర్ర గాని. టేకు స్టాండ్లకు బాగుంటుంది, దెబ్బ తినే కామకు పనికిరాదు, పుటుక్కున విరుగుతుంది. కర్రలోని గీతలు ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా సాగాలి. అంగుళం మందానికి ఏడాది ఆరాలన్నది పాత లెక్క. వానాకాలంలో బిగించకు, అప్పుడు చెక్క ఉబ్బి ఉంటుంది, వేసవికి తల వదులవుతుంది. బెజ్జం లోపల మసి రాసి కామ దూర్చి తీస్తే ఎక్కడ ఒరుసుకుంటోందో నల్లగా తెలుస్తుంది, అక్కడే చెక్కు. చీల కోసం కామ కొసన, బెజ్జం లోతులో మూడింట రెండొంతుల దాకా చీలిక కొయ్యి. తల కిందకుండేలా గాల్లో వేలాడబట్టి కామ చివర కొడితే తల దానంతటదే పైకి ఎక్కుతుంది. వదులైతే నీళ్లలో నానబెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఉబ్బిన పోగులు ఇనుముకు నలిగి, ఆరాక ముందుకన్నా వదులవుతాయి.

కామకు డబుల్ బాయిల్డ్ అవిసె నూనె పలచగా రాసి, పావుగంటకు తుడిచెయ్. తుడిచిన గుడ్డను ముద్దచేసి చెత్తబుట్టలో వేశావంటే నీ వీపు చిట్లుతుంది! ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ముద్దలోంచి వేడి పోలేక అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. నీళ్ల బకెట్లో ముంచి, బయట పరిచి ఆరెయ్. ఇది మర్చిపోకు, చిన్నపిల్ల ఉన్న ఇల్లు.

స్టాండుకు పనిముట్టులో రంధ్రం వెయ్యొద్దు. టేకు పలకకు ఇత్తడి పట్టీలు వంచి బిగించి, వాటికి నూలు టేపు చుట్టు. సైకిల్ ట్యూబు ముక్కలు వద్దు, రబ్బరులోని గంధకానికి ఇత్తడి నల్లబడుతుంది. పలక కొంచెం వెనక్కి వాలాలి, అడుగు వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు. సమ్మెటను మాత్రం నేల మీదే పెట్టు, నా మాట విను. అంచులు గోడవైపు.

అటక మీద చిరుమాను ముక్కలు రెండున్నాయి, మూడేళ్లుగా ఆరుతున్నాయి. ఆ నీలం బాడిస బెజ్జం కొలిచి రాయి, పై అంచున ఎంత, కింది అంచున ఎంత, రెండూ కావాలి. మీ అమ్మ వచ్చేటప్పుడు ముక్కలు పంపిస్తాను.

మావయ్య