ప్రాణహిత ఒడ్డున ఒక రోజు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మహారాష్ట్రలోని అహేరిలో ఒక జూనియర్ కళాశాలలో నేను భూగోళశాస్త్రం బోధిస్తున్నాను. సంక్రాంతి వెళ్లాక పదకొండో తరగతి విద్యార్థులను ఒక రోజు సిరోంచకు తీసుకువెళ్లాలని అనుకుంటున్నాం. వడదం శిలాజాల పార్కు, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు, కాళేశ్వరం గుడి, మేడిగడ్డ బ్యారేజీ, సోమనూరు దగ్గరి ఇంద్రావతి సంగమం అన్నీ చూడాలని పిల్లల కోరిక. ఇది సాధ్యమేనా? నదిని గురించి వారికి ఏమి నేర్పితే బాగుంటుంది?
— ఒక అధ్యాపకురాలు, అహేరి

జవాబు: అన్నీ సాధ్యం కావు. మీ పక్కనున్న అల్లాపల్లి నుంచి సిరోంచకు సుమారు వంద కిలోమీటర్ల అడవి దారి ఉంది కనుక, తెల్లవారుజామున బయలుదేరినా మీ చేతికి దక్కేది ఆరేడు గంటలే. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ సరిహద్దులు కలిసే సోమనూరును మరొక ప్రయాణానికి ఉంచుకోండి. మేడిగడ్డకు కూడా ప్రత్యేకంగా వెళ్లనక్కరలేదు, దాని సంగతి ఒడ్డున కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఉదయం వడదం, ఆ తరువాత సాయంత్రం వరకు సంగమం, ఈ రెండే చాలునని నా అభిప్రాయం.

వడదాన్ని ముందు చూడమనడానికి కారణం ఉంది. సిరోంచ తాలూకాలో 1958 నుంచి 1961 వరకు సాగిన తవ్వకాలలో బరపాసారస్ అనే భారీ శాకాహార డైనోసార్ ఎముకలు సుమారు మూడు వందలు దొరికాయి. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరంలో తవ్వకాలు జరిగినందున 1975లో ఆ జాతికి ఆయన పేరు కలిపి ‘బరపాసారస్ టాగోరై’ అని పెట్టారు. ఆ అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది. ఎముకల పక్కనే శిలాజాలుగా మారిన పెద్ద పెద్ద చెట్ల మొదళ్లు కూడా బయటపడ్డాయి కాబట్టి, ఒక మంద అంతా వరద వంటి ఉపద్రవంలో చనిపోయి ఉండవచ్చునని పరిశోధకులు ఊహించారు. ఆ ఎముకలున్న రాతిపొరలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడా ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట గ్రామానిదే. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట కూడా ఈ నేల మీద నీరు పారింది, మట్టిని మేట వేసింది అని తెలుసుకున్న పిల్లవాడు మధ్యాహ్నం నది దగ్గరకు వచ్చేసరికి ఇసుక మేటను కొంత శ్రద్ధగా చూస్తాడు.

అహేరి పిల్లలకు ప్రాణహిత కొత్త కాదు, కానీ అది ఎంత నీటిని మోసుకుపోతున్నదో చాలామందికి తెలియదు. బేతుల్ జిల్లాలో పుట్టిన వార్ధా, సివనీ జిల్లాలో పుట్టిన వైన్‌గంగ, దారిలో వార్ధాలో కలిసే పెన్‌గంగ, ఈ మూడింటి నీరూ ప్రాణహితలోనే చేరుతుంది. దాని పరీవాహక ప్రాంతం సుమారు 1,09,000 చదరపు కిలోమీటర్లు, అంటే గోదావరి పరీవాహకంలో మూడో వంతుకు మించినది. పైన పైఠణ్ దగ్గర జాయక్‌వాడీ, పోచంపాడు దగ్గర శ్రీరామసాగర్, ఆ దిగువన ఎల్లంపల్లి గోదావరి నీటిని ఆపుతున్నాయి. ప్రాణహిత ప్రధాన ప్రవాహం మీద మాత్రం అలాంటి జలాశయం లేదు, వైన్‌గంగ మీద గోసీఖుర్ద్ వంటివి ఎగువనే ఉన్నాయి. అందువల్ల వానలు వెనుకబట్టిన కాలంలో సంగమం దగ్గర నిలబడితే, ఉపనదిగా చదువుకున్నదే నిండుగా ఉండి, ప్రధాన నది పలచగా రావడం కంటికి కనిపిస్తుంది. మేడిగడ్డ బ్యారేజీని సంగమానికి దిగువన కట్టడానికి ఆధారం ఈ నీరే. ఈ నదులన్నిటినీ విద్యార్థుల చేతనే పటం మీద గీయించండి, మీరు ముందుగా చెప్పకండి.

మిగిలిన సమయాన్ని ఒడ్డు మీది మనుషులకు ఇవ్వండి. సిరోంచకు, కాళేశ్వరానికి మధ్య వంతెన రాకముందు ప్రయాణికులను పడవలో దాటించినవారు, వల వేసే బెస్తవారు, ఒడ్డు పొలాలలో మిర్చి, పత్తి పండించే రైతులు సిరోంచ చుట్టుపక్కల ఉన్నారు. 2019 జూన్‌లో ప్రారంభమైన బ్యారేజీ వల్ల ఎవరి భూమిలోకి నీరు వచ్చింది, 2022 జులై వరదలో ఏమి పోయింది, 2023 అక్టోబరులో స్తంభాలు కుంగి బ్యారేజీని ఖాళీ చేశాక ఏమి మారింది అని వారినే అడగాలి. పరిహారం కోసం ఇక్కడి రైతులు ఆందోళన చేశారు. బ్యారేజీ నీటితో అవతలి రాష్ట్రమైన తెలంగాణలో పొలాలు తడపాలన్నది ప్రణాళిక, మునక మాత్రం ఇవతలి వారికీ వచ్చింది. రెండు మాటలూ పిల్లలు వినాలి.

మీ విద్యార్థులు చదివేది మరాఠీలో, అయినా వారిలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, కొందరిది మాడియా గోండుల భాష మాడియా. బయటి పరిశోధకులకు దొరకని సౌకర్యం ఇది. పెద్దలు చెప్పిన మాటలను మరాఠీలోకి మార్చకుండా, అన్న మాటను అన్నట్టే రాయమనండి, తెలుగు అక్షరాలు రానివారు దేవనాగరిలో రాసుకున్నా తప్పులేదు. ఒక్కొక్క ఇంటికి నలుగురికి మించి పంపవద్దు, అనుమతి అడగకుండా ఫోన్‌తో ఫోటోలు, రికార్డింగులు తీయనివ్వవద్దు. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాలను దర్శించుకోవాలనుకునేవారు చివరి గంటలో వంతెన దాటి వెళ్లి రావచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి ఆ బృందంలో ఉంది. సంగమంలో స్నానం చేయనివ్వవచ్చా?
— ఒక తండ్రి, అహేరి

జవాబు: కాళేశ్వరం పుష్కర ఘాట్ మెట్ల దగ్గర, ఉపాధ్యాయులు పక్కన ఉండగా, మోకాలి లోతు వరకు మాత్రమే దిగనివ్వండి. సిరోంచ వైపు ఇసుకలో నడుచుకుంటూ వెళ్లి నీటిలో దిగడం ప్రమాదకరం, ఇసుక తీసిన గుంతలు నీటి కింద కనిపించవు. పడవ ఎక్కితే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, లేకపోతే ఎక్కవద్దు. ఈ మాటను బయలుదేరే ముందే అధ్యాపకురాలితో మాట్లాడి ఖాయం చేసుకోండి.