2030 కల్లా హెచ్‌ఐవీ అంతం అంటున్నారు, మన వరంగల్ వైపు అది అయ్యే పనేనా?

ముందు ఆ "అంతం" అనే మాట దగ్గరే చాలామంది పొరబడతారు. 2030 తర్వాత హెచ్‌ఐవీ ఉన్నవాళ్లే కనపడరని కాదు. కొత్తగా సోకేవాళ్లు, ఎయిడ్స్‌తో చనిపోయేవాళ్లు 2010తో పోలిస్తే 90 శాతం తగ్గాలన్నది లక్ష్యం.

దానికి దారి 95-95-95. వైరస్ ఉన్న ప్రతి 100 మందిలో 95 మందికి ఆ సంగతి తెలియాలి, తెలిసినవాళ్లలో 95 శాతం మందులు వాడాలి, వాడేవాళ్లలో 95 శాతం మందికి వైరస్ అదుపులో ఉండాలి. మూడూ గుణిస్తే, వైరస్ ఉన్న మొత్తం మందిలో 86 శాతం దాకా వైరస్ అదుపులో ఉన్నట్టు. ఈ మూడో మెట్టే అసలు కీలకం: రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి, అలాగే నిలిస్తే, ఆ మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. అంటే రోజూ వేసుకునే మాత్రే నివారణ కూడా.

మందుల కొరత కాదు నా దృష్టిలో సమస్య. 2004 నుంచి దేశంలో ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) ఉచితమే, 2017 నుంచి పాజిటివ్ అని తేలగానే మొదలుపెడుతున్నారు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్ ఉంది. కానీ అక్కడ తెలిసినవాళ్లు ఎదురుపడతారేమో అన్న టెన్షన్‌తో పక్క జిల్లాకు బస్సెక్కే మనిషి, కూలి పోతుందనుకున్న నెలలో మందు ఎగ్గొడతాడు. మొదటి మెట్టు కూడా అంతే, భయం వల్లే పరీక్ష వాయిదా పడుతుంది. నిజానికి 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదు, ఆ కారణంతో ఉద్యోగంలోంచి తీసేయకూడదు.

అనుమానముంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఉచితం.