బ్యాటరీ కొనే ముందు గంటల లెక్క చూడు

తమ్ముడూ,

నీ మైక్రోగ్రిడ్ ప్లాను, అంటే అందరూ కలిసి సొంతంగా కరెంటు తయారుచేసుకుని పంచుకునే చిన్న వ్యవస్థ ప్లాను, మొత్తం చదివాను. ప్యానెళ్లు ఎన్ని, బ్యాటరీ ఎంత అన్నది శ్రద్ధగా లెక్కేశావు కానీ, ఆ కరెంటు ఏ గంటకి ఎవరు వాడతారన్నది ఎక్కడా లేదు. ముందు ఆ పని చెయ్యి. కనీసం రెండు వారాలు, 15 నిమిషాలకోసారి రీడింగు నమోదయ్యే మీటర్లు పెట్టు. రోజు మొత్తానికి ఇన్ని యూనిట్లు అనుకుంటే చాలదు. సోలార్ మధ్యాహ్నం దండిగా ఇస్తుంది, జనం స్విచ్చులు వేసేది చీకటి పడ్డాక, కాబట్టి యూనిట్లు సరిపోయినా సాయంత్రం ఏడింటికి కరెంటు చాలదు.

దీనికి అందరూ బ్యాటరీ పెంచేస్తారు. నా మాట విని ముందు లోడును, అంటే కరెంటు వాడకాన్ని, పగటికి జరుపు. నీళ్లు ట్యాంకులోకి ఎక్కించే మోటారు పగలే నడిస్తే ఆ ట్యాంకే నీకు సగం బ్యాటరీ. బండ్ల చార్జింగు, ఐసు తయారీ, మిల్లు, అన్నీ ఎండ ఉన్నప్పుడే. కొన్ని ప్యానెళ్లు పడమటికి తిప్పి పెడితే మొత్తం యూనిట్లు కాస్త తగ్గుతాయి కానీ సాయంత్రం ఎక్కువ వస్తుంది, నన్నడిగితే అది లాభమే.

ఇంకో సంగతి. మోటారును నేరుగా స్టార్ట్ చేస్తే మామూలు కరెంటుకి 5 నుంచి 7 రెట్లు లాగుతుంది. నేను మొదట్లో ఇది పట్టించుకోక, రెండు మోటార్లు ఒకే టైముకి పెట్టి సిస్టమంతా ట్రిప్ చేశాను, ఆ రాత్రి అందరూ చీకట్లో ఉన్నారు, ఆ బాధ నాకింకా ఉంది. మోటారును మెల్లగా స్టార్ట్ చేసే సాఫ్ట్ స్టార్టర్లు పెట్టు, టైములు వేరు చెయ్యి.

బ్యాటరీ మీద రాసిన కెపాసిటీ అంతా నీకు వాడకానికి దొరకదు. లెడ్ యాసిడ్ అయితే సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది, లిథియం అయితే 80 శాతం దాకా వాడుకోవచ్చు. బ్యాటరీ నిండిపోయినప్పుడు ఏమవుతుందో కూడా చూసుకో. బ్యాటరీకి కలిపిన మెయిన్ ఇన్వర్టర్ కరెంటు ఫ్రీక్వెన్సీని మామూలు 50 హెర్ట్జ్ కంటే కొంచెం పెంచితే, ఆ గుర్తు చూసి సోలార్ ఇన్వర్టర్లు వాటంతట అవే కరెంటు ఇవ్వడం తగ్గించాలి, ఆ సెట్టింగు ఉందో లేదో కొనేముందే అడుగు.

అన్నిటికన్నా కష్టమైంది మనుషులతో ఒప్పందం. స్కాట్లాండులోని ఐగ్ దీవిలో 2008 నుంచి నీళ్లు, గాలి, ఎండ కలిపి సొంతంగా కరెంటు నడుపుకుంటున్నారు. అక్కడ ఒక్కో ఇల్లు ఒకేసారి 5 కిలోవాట్లు దాటి వాడకూడదు, మిగులు కరెంటుతో అందరూ వాడే భవనాల్లో హీటర్లు వేస్తారు. ఇలాంటి హద్దు తీగలు లాగకముందే మాట్లాడుకోవాలి, తర్వాత చెబితే ఎవరూ వినరు.

మీటర్లు బిగించి రెండు వారాల రీడింగులు నాకు పంపు, మోటార్ల టైములు ఇద్దరం కూర్చుని వేద్దాం. అప్పటిదాకా బ్యాటరీకి అడ్వాన్సు ఇవ్వకు.

నీ అన్నయ్య