కాలేజీ చదువు టెన్షన్‌లో విశ్రాంతికి టైమ్ ఎలా దొరుకుతుంది?

అసైన్‌మెంట్లు, రికార్డులు, పరీక్షల మధ్య ఊపిరాడటం లేదు, రిలాక్స్ అవ్వడానికి టైమే లేదని అడిగారు. నాకు తెలిసి చాలామందికి టైమ్ లేకపోవడం కన్నా, ఉన్న కాస్త టైమూ విశ్రాంతిలా అనిపించకపోవడమే అసలు బాధ. ఎదురుగా పుస్తకం తెరిచి ఉంటుంది, చేతిలో ఫోన్ ఉంటుంది. గంట గడిచాక చూస్తే చదువూ సాగలేదు, అలసటా తీరలేదు. ఆ రెండూ కలపకండి. 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు లేచి తిరిగే పొమోడోరో పద్ధతి ఇందుకు బాగా పనికొస్తుంది. ఆ విరామంలో మాత్రం ఫోన్ ముట్టుకోవద్దు, అది 5 నిమిషాల దగ్గర ఆగే రకం కాదు.

రాత్రి పడుకున్నాక రేపటి పనులు బుర్రలో గిర్రున తిరుగుతున్నాయా? కాగితం మీద పెట్టేయండి. 2018లో వచ్చిన బేలర్ యూనివర్సిటీ అధ్యయనంలో 57 మంది పాల్గొన్నారు. పడుకునే ముందు 5 నిమిషాలు చేయాల్సిన పనులు రాసుకున్నవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టిందట. అందుకే "ఫిజిక్స్ చదవాలి" అని కాకుండా "మూడో చాప్టర్‌లో మొదటి ఐదు లెక్కలు" అని రాయండి.

కాఫీ సాయంత్రం దాటాక వద్దు. తాగిన కెఫీన్‌లో దాదాపు సగం 5 గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

ఇవన్నీ చేసినా రెండు వారాలకు పైగా నిద్ర పట్టక, తిండి సహించక, దేని మీదా మనసు నిలవకపోతే అది మామూలు పరీక్షల టెన్షన్ కాకపోవచ్చు. కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి.